పది సెకన్లు

పుంతా అరేనాస్‌లో గాలి వీచే రోజుల్లో
మనుషులు పట్టుకు నడవడానికి వీధుల్లో తాళ్లు కడతారు.
ఇవాళ తాళ్లే ఊగిపోతున్నాయి.
జలసంధి మీద ఫెర్రీ ఆపేశారు.
ఫెర్రీ ఇంజన్లు బాగుచేసేదాన్ని గనక
నాకూ సెలవే.

అవతలి ఒడ్డున, పోర్వెనీర్‌లో, తమ్ముడు సిరో
హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చునుంటాడు.
ఆదివారం రాత్రి ఎనిమిదింటికి
మేమిద్దరం తెర మీద లారీలు తోలతాం
మంచన్నదే ఎరగని ఏదో దేశంలో.
నాన్న పడవ అమ్మకం దగ్గర మాటలు తెగాక
మాకు మిగిలినవి
"ఎడమకి తిప్పు", "డీజిల్ చూసుకో".
అంతే.

ఏడుంపావుకి అప్‌డేట్ చేసుకోనా అంది, సరే అన్నాను.
నేను చేసిన పాపం అదొక్కటే.
మళ్లీ లేచేసరికి నల్లటి తెర.
మూలన చిన్న గీత
వెలుగుతూ ఆరుతూ,
వచ్చిన పని మర్చిపోయి
గుమ్మంలో నిలబడ్డ మనిషిలా.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ త్రీ.
పేరడిగింది, చెప్పాను. పాస్‌వర్డ్ అడిగింది, చెప్పాను.
ఇంజన్ గదిలోకి దిగినట్టే ఉంది:
పైన ప్రయాణికులకి కాఫీ, కిటికీలు,
కింద నూనె, చప్పుడు, అసలు సంగతి.

కొత్త కెర్నెల్ వచ్చి కూర్చుంది.
కార్డుంది, కరెంటుంది, ఫ్యాన్ తిరుగుతోంది.
లారీ ఉంది, లోడుంది,
డ్రైవరే డ్యూటీకి రాలేదు.

హెడర్లు లేవంది, తెచ్చి ముందు పెట్టాను.
డ్రైవర్ని మొదట్నించీ మళ్లీ కట్టించాను.
మధ్యలో కొత్త పాస్‌వర్డ్ ఒకటి పెట్టమంటే
ఎందుకో చదవకుండానే ఏదో కొట్టేసి
రీబూట్ ఇచ్చి,
మాతేకి నీళ్లు కాగి కెటిల్ ఈలేస్తే
వంటింట్లోకి పోయాను.

తిరిగొచ్చేసరికి తెర వెలిగింది. హమ్మయ్య.
ఆట తెరిస్తే సెకనుకి మూడు ఫ్రేములు.
లారీ నడవట్లేదు,
ఎవరో పాత ఆల్బమ్ తిప్పుతున్నట్టు
ఫోటో, ఫోటో, ఫోటో.
కార్డు ఊరికే కూర్చుంటే
పాపం ప్రాసెసరే ఒంటిచేత్తో
చెట్లూ మబ్బులూ అద్దం మీద వాన చుక్కలూ
అన్నీ గీస్తూ రొప్పుతోంది.

ఎనిమిదిన్నర. సిరో మెసేజ్: "ఉన్నావా?"
"లేను."
"గాలా?"
"గాలి కాదు. డ్రైవర్."

లాగ్ తెరిచాను. వెయ్యి వరసల మధ్య ఒక్క వరస:
ఈ తాళంచెవి చెల్లదు.
కట్టింది నేనే, తాళంచెవి నాదే,
గుమ్మంలో కాపలావాడికే అది ఎవరిదో తెలీదు.

అప్పుడు తట్టింది.
నేను వంటింట్లో ఉండగా
ఒక నీలం తెర వచ్చి ఉంటుంది.
"ఇతన్ని నమ్మమంటావా?" అని అడిగి
పది సెకన్లు లెక్కపెట్టి,
ఎవరూ పలక్కపోతే
తలుపు దగ్గరగా వేసుకుని వెళ్లిపోయి ఉంటుంది.

పడవ కాగితాల మీద సంతకం పెట్టేముందు
సిరో నాకు ఫోన్ చేశాడు.
షాఫ్టు కింద ఉన్నాను, చేతులనిండా గ్రీజు.
మోగడం విన్నాను.
గుడ్డ వెతుక్కునేలోపు ఆగిపోయింది.
తర్వాత నేను చెయ్యలేదు.

మళ్లీ మొదట్నించి.
తాళంచెవి, పాస్‌వర్డ్ (ఈసారి కాగితం మీద రాసుకున్నాను), రీబూట్.
కెటిల్ ఈలేసింది. వెయ్యనీ.
కీబోర్డు మీద వేలుంచి కదలకుండా కూర్చున్నాను.
నీలం. పది. తొమ్మిది.
ఎనిమిది దగ్గర నొక్కాను.

తొమ్మిదింబావుకి లారీ కదిలింది.
అద్దం మీద వాన చుక్కలు
ఒక్కోటి ఒక్కో దారిన జారుతున్నాయి.
బంకు దాటాక, రోడ్డు పక్కన,
లైట్లు ఆర్పకుండా, ఇంజను ఆపకుండా
సిరో బండి.

"ఎప్పట్నించి ఆగావు?"
"ఇప్పుడే వచ్చా."

వాడి ట్యాంకు ముల్లు సగానికి పడిపోయి
నా తెర మీద కనిపిస్తూనే ఉంది.

"డీజిల్ చూసుకో" అన్నాను.